నల్లగొండ నుంచి 9వ తరగతి పిల్లలతో హైదరాబాద్: బస్సు దిగి ఎక్కడ నడిపించాలి?

సోషల్ సార్ (నల్లగొండ జిల్లా) | సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది ప్రభుత్వ ఉన్నత పాఠశాల. తొమ్మిదో తరగతి రెండు సెక్షన్లు కలిపి 56 మంది, అందులో 31 మంది ఆడపిల్లలు. సంక్రాంతి సెలవులు అయ్యాక ఒక రోజు హైదరాబాద్ తీసుకెళ్ళాలని ఉంది.

ప్రతి ఏడాదీ ఇదే తంతు. జూ, బిర్లా మందిర్, గోల్కొండ, చీకటి పడ్డాక ట్యాంక్‌బండ్. దించడం, తలలు లెక్కపెట్టడం, ఎక్కించడం. తిరిగొచ్చాక ఏం చూశారురా అంటే సగం మంది బస్సులో పెట్టిన పాటల పేర్లు చెప్తారు. అందుకే ఈసారి ఏదో ఒక పేటలో దింపి రెండు మూడు గంటలు నడిపించి, అక్కడి సంగతులు అక్కడే చెప్పించాలని ఆలోచన. నగరంలో ఇలాంటి హెరిటేజ్ వాక్‌లు నడిపేవాళ్ళు ఉన్నారని విన్నాను. కానీ పెద్దవాళ్ళకు చేసేది వేరు, 56 మంది పిల్లలకు చేసేది వేరు కదా.

ఏ పేట బాగుంటుంది? ఎంత దూరం నడిపించొచ్చు? గైడ్ అవసరమా, మేమే చదువుకుని చెప్పొచ్చా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. పిల్లలందరూ తెలుగు మీడియమే, ఉర్దూ రాదు. హిందీ సినిమా హిందీ.

గల్లీ గైడ్ | సోమవారం రాత్రి 10:40

సార్, మంచి ఆలోచన. నేను వారాంతాల్లో పాతబస్తీలో వాక్‌లు చేయిస్తుంటాను, స్కూళ్ళ గుంపులూ వస్తుంటాయి. ముందు ఒక్క మాట. 56 మందిని ఒకే గుంపుగా నడిపించొద్దు. పాతబస్తీ ఫుట్‌పాత్ మీద అంతమంది వరుస కడితే ముందున్నవాడు మలుపు తిరిగేసరికి చివరివాడు వెనక కూడలి దగ్గరే ఉంటాడు. ముందువాళ్ళకు చెప్పింది వెనకవాళ్ళకు అందదు. వెనకవాళ్ళు విసుగొచ్చి దుకాణాల్లోకి తొంగి చూస్తారు. తప్పు వాళ్ళది కాదు.

14 మంది చొప్పున నాలుగు గుంపులు చేయండి. ఒక్కో గుంపుకు ముందు ఒకరు, చివర ఒకరు. చివర నడిచే మనిషి పని ఒక్కటే: తన వెనక మన పిల్లలెవరూ లేకుండా చూసుకోవడం. ఆ మనిషి ఫొటోలు తీయకూడదు, ఫోన్ మాట్లాడకూడదు. నాలుగు గుంపులూ నాలుగు వేర్వేరు చోట్ల మొదలుపెట్టి ఒకే చుట్టు తిరగాలి. అప్పుడు ఒకరికొకరు అడ్డం రారు.

దూరం కిలోమీటరున్నరకు మించొద్దు. విని నవ్వుకోకండి. పల్లె పిల్లలు రోజూ అంతకన్నా ఎక్కువే నడుస్తారని నాకు తెలుసు. కాళ్ళ సమస్య కాదిది. నిలబడి వినడం నడక కన్నా కష్టం.

రూట్ అడిగారు కాబట్టి: గుల్జార్ హౌజ్ నీటి తొట్టి దగ్గర మొదలుపెట్టి చార్‌మినార్, అక్కణ్ణుంచి గాజుల దుకాణాల లాడ్ బజార్. అంతే. చౌమహల్లా ప్యాలెస్, మక్కా మసీదు, సాలార్‌జంగ్ మ్యూజియం అన్నీ పక్కనే ఉన్నాయి కదా అని కలిపేయకండి.

శాలిబండ వాసి | మంగళవారం ఉదయం 7:05

మా ఇల్లు ఆ పక్కనే. గైడ్ భాయ్ చెప్పింది సరే గానీ కొన్ని సంగతులు స్థానికులకే తెలుస్తాయి.

శుక్రవారం వద్దు. మధ్యాహ్నం నమాజుకు మక్కా మసీదు దగ్గర రద్దీ ఎక్కువ, పోలీసు బందోబస్తూ ఉంటుంది. చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం రెండూ శుక్రవారం సెలవు. ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉంటాయి కానీ దుకాణాలు మూసి ఉంటే పిల్లలకు షట్టర్లు తప్ప ఏమీ కనపడవు. మంగళ, బుధ, గురువారాల్లో రండి.

ఇంకో సంగతి. లాడ్ బజార్ పదకొండు దాటితే గానీ నిద్ర లేవదు. గాజుల దుకాణాల అద్దాల వెలుగు చూపించాలంటే మధ్యాహ్నం రావాలి. అసలు చూడాల్సింది వెనక గల్లీల్లో ఉంది. బొగ్గుల కుంపటి ముందు మనిషి కూర్చుని లక్కను వేడిచేసి, సాగదీసి, గుండ్రంగా వంచి, అది మెత్తగా ఉండగానే ఒక్కొక్క అద్దపు రాయిని పట్టుకారుతో అద్దుతాడు. ఆగితే లక్క గట్టిపడిపోతుంది, మళ్ళీ వేడి చూపించాలి. ఆ చేతులు చూస్తే పిల్లలు బేరాలు ఆపేస్తారు. మన లక్క గాజులకు 2024లో జీఐ (ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువు అనే) గుర్తింపు కూడా వచ్చింది.

కానీ 56 మందిని ఆ గదిలోకి తోలకండి. గది ఎంత ఉంటుందనుకున్నారు, నాలుగు మంచాలు పట్టవు. ముందు రోజే వెళ్ళి అడగాలి. పని ఆపి చూపిస్తే వాళ్ళకు కూలీ పోతుంది, దానికి లెక్క కట్టి ఇవ్వాలి. చాలామంది టూర్ల వాళ్ళు ఇవ్వరు. ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు.

మూసీ ఒడ్డు | మంగళవారం ఉదయం 11:20

అందరూ చార్‌మినార్ అంటారని తెలుసు. నా ఓటు మూసీకి. పిల్లలకు చరిత్ర అంటే రాజులు, తారీఖులే కాదని చూపించడానికి అఫ్జల్‌గంజ్‌ను మించిన చోటు లేదు.

1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరద నగరాన్ని మార్చేసింది. వేలమంది పోయారు, పదిహేను వేలని చెప్తుంటారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఉంది కదా, దాన్ని పట్టుకుని 150 మంది దాకా బతికారు. వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆ పథకాల్లోంచే ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. 1912లో నగరాభివృద్ధి కోసం ప్రత్యేకంగా బోర్డు పెట్టారు. పత్తర్‌గట్టి రాతి దుకాణాలు ఆ బోర్డు కట్టించినవే. నదికి ఒక ఒడ్డున హైకోర్టు, ఎదుటి ఒడ్డున ఆసుపత్రి, రెండూ విన్సెంట్ ఎష్ గీసిన భవనాలే. నయాపూల్ మీద నిలబడితే ఈ కథంతా కళ్ళముందే ఉంటుంది. నల్లగొండ పిల్లలకైతే ఇంకా దగ్గర, మూసీ వాళ్ళ జిల్లా మీదుగానే పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

చెట్టు కింద నిలబెట్టి చెప్పండి. జన్మలో మరచిపోరు.

గల్లీ గైడ్ | మంగళవారం మధ్యాహ్నం 1:15

కథ గొప్పదే, ఒప్పుకుంటాను. కానీ ఆసుపత్రి ఆవరణలోకి 56 మంది యూనిఫాం పిల్లలా? అక్కడ చెట్టు నీడన పడుకునేవాళ్ళు పేషెంట్ల బంధువులు. రాత్రంతా నిద్ర లేకుండా, క్యారియర్ తలకింద పెట్టుకుని ఉంటారు. వాళ్ళ మధ్యలో నిలబడి నేను గొంతు పెంచి వరద కథ చెప్పలేను. పెద్దవాళ్ళు ఐదారుగురైతే నెమ్మదిగా వెళ్ళి చూసి రావచ్చు.

నయాపూల్ గురించి కూడా. వంతెన మీద ట్రాఫిక్ హోరులో మైకు పెట్టినా వినపడదు, వాసన సంగతి మీకు తెలిసిందే. వరద కథ చెప్పడానికి వేరే చోటు చూసుకోవచ్చు.

మూసీ ఒడ్డు | మంగళవారం మధ్యాహ్నం 1:48

వాసన కూడా పాఠమే కదా! నది అలా ఎందుకయిందో అడుగుతారు. అడగనివ్వండి.

ఆసుపత్రి విషయంలో మాత్రం మీ మాట కాదనను. బయటి రోడ్డు నుంచి చూపించవచ్చు.

బీఆర్క్ మూడో ఏడు | మంగళవారం సాయంత్రం 6:30

వరద కథకు మంచి చోటు బాద్‌షాహీ అషూర్‌ఖానా, అంటే మొహర్రంలో పీర్లు నిలిపే చోటు. పత్తర్‌గట్టికి దగ్గర్లోనే. చార్‌మినార్ కట్టిన కొద్ది ఏళ్ళకే కట్టారు, గోడల నిండా రంగురంగుల ఎనామిల్ పలకల పని. 1908 వరదలో పలకలు దెబ్బతిన్న చోట తర్వాత రంగులతో అదే నమూనా వేశారు. దగ్గరికి వెళ్ళి ఏటవాలుగా చూస్తే పలకకు మెరుపు ఉంటుంది, రంగుకు ఉండదు. ‘ఏది పలక, ఏది పెయింట్ కనిపెట్టండి’ అని పిల్లలకు వదిలేయండి. గైడ్ నోరు మూసుకుని నిలబడొచ్చు :)

ప్రార్థనా స్థలం కాబట్టి చెప్పులు బయట విడవాలి, ముందుగా అడిగి వెళ్ళాలి, మొహర్రం రోజుల్లో వద్దు.

ఇంకో సలహా. ఒక్కొక్కరికి అట్ట, తెల్లకాగితం, పెన్సిల్ ఇవ్వండి. చార్‌మినార్ మొత్తం గీయమనకండి, భయపడతారు. ‘ఈ ఒక్క కమాను గీయండి, పది నిమిషాలు’ అనండి. గీసేటప్పుడే కమాను పైన మొన ఉందా గుండ్రంగా ఉందా అని చూస్తారు. మా కాలేజీలో మొదటి ఏడు మాకు చేయించిందీ ఇదే.

కొత్తపేట అమ్మ | మంగళవారం రాత్రి 8:55

తల్లిగా ఒక మాట. మా అమ్మాయి స్కూలు వాళ్ళు పోయినేడు ఇలాగే ‘సిటీ వాక్’ అని ఒక ప్రైవేటు టూర్ల వాళ్ళకు అప్పజెప్పారు, పేరు ఎందుకులెండి. పొద్దున ఏడింటికి బయల్దేరి రాత్రి తొమ్మిదికి వచ్చింది. ఎనిమిది చోట్లు చూపించారట. ఇంటికి రాగానే చెప్పులు విసిరేసి, ‘అమ్మా, పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదు’ అంది. ఎందుకే అంటే, బాత్రూమ్ ఎక్కడా దొరకదని ఆడపిల్లలంతా నీళ్ళు మానేశారట. పన్నెండేళ్ళ పిల్లలు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుని తీసుకున్న నిర్ణయం అది. చెప్పినవాళ్ళు లేరు, అడిగినవాళ్ళూ లేరు.

మీ 31 మంది ఆడపిల్లల సంగతి ముందు చూడండి సార్. చరిత్ర తర్వాత.

పీఈటీ మేడమ్ (సూర్యాపేట) | మంగళవారం రాత్రి 9:30

@కొత్తపేట అమ్మ, నూటికి నూరు పాళ్ళు నిజం.

నేనైతే రూట్‌ను టాయిలెట్ల నుంచి మొదలుపెడతాను. చూడాల్సిన చోట్లు తర్వాత రాసుకుంటాను. మ్యూజియంలు, మెట్రో స్టేషన్లు, టికెట్ ఉన్న ప్యాలెస్‌లలో ఫర్వాలేదు. రోడ్డు పక్కవి నమ్మొద్దు, ముందు రోజు ఒక మేడమ్ స్వయంగా వెళ్ళి తలుపు తీసి చూసి రావాలి, గడియ పడుతుందో లేదో కూడా. గంటన్నరకు ఒకసారి తప్పనిసరిగా ఆగాలి. ‘ఎవరికైనా వెళ్ళాలా’ అని అందరిముందు అడిగితే ఒక్కరూ చెయ్యెత్తరు. ‘అందరూ వెళ్ళి రండి’ అనాలి. శానిటరీ ప్యాడ్లు మేడమ్ బ్యాగులో ఉన్నాయని బస్సు ఎక్కక ముందే ఆడపిల్లలకు చెప్పాలి.

రోడ్డు దాటేటప్పుడు విజిల్ ఊదకండి. నగరంలో విజిల్ వినపడితే పిల్లలు ఆగాలో పరిగెత్తాలో తెలియక మధ్యలో నిలబడతారు. ఇద్దరు టీచర్లు రోడ్డుకు రెండు పక్కల చేతులు చాచి నిలబడితే చాలు. ఎవరైనా తప్పిపోతే ఎక్కడ నిలబడాలో ముందే ఒక చోటు చెప్పండి. డీఈఓ ఆఫీసు అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు మీకు తెలిసినవే. ప్రతి పిల్ల జేబులో టీచర్ నంబరు రాసిన చీటీ ఉండాలి, మెడలో వేలాడే కార్డు మీద వద్దు. ఆడపిల్ల పేరు, ఊరు, ఫోన్ నంబరు దారినపోయే ప్రతివాడికీ కనపడాల్సిన పని లేదు.

కోఠి పాత పుస్తకాలు | బుధవారం ఉదయం 8:10

అందరూ నదికి ఆ ఒడ్డు గురించే మాట్లాడుతున్నారు, ఈ ఒడ్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. తెలుగు మీడియం పిల్లలు, సోషల్ సార్ తీసుకొస్తున్నారు. సుల్తాన్‌బజార్ చూపించకుండా ఎలా పంపుతారు?

1901 సెప్టెంబర్ 1న ఇక్కడే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే తెలుగు గ్రంథాలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వెంకటరంగారావు లాంటివాళ్ళు పూనుకున్నారు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకానికి ఒక గూడు కావాలని. రావిచెట్టు రంగారావు గారి ఇంట్లోనే మొదలుపెట్టారు. ఈ పేటలోనే ఎందుకు? అప్పట్లో ఈ బజారు రెసిడెన్సీ (నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి నివాసం, కార్యాలయం) కింద, అంటే ఇంగ్లీషువాళ్ళ అధికారం కింద ఉండేది. చార్‌మినార్ దగ్గర సభ పెట్టాలంటే ఉన్న ఆంక్షలు ఇక్కడ అంత ఉండేవి కావు. 1933లో తిరిగి నిజాం ప్రభుత్వం చేతికి వచ్చాకే సుల్తాన్‌బజార్ అయింది. రోడ్డుకు ఇటు ఒక చట్టం, అటు ఒక చట్టం. పిల్లలకు ఇది చెప్పి చూడండి, ‘దొంగతనం చేసి రోడ్డు దాటితే?’ అని వెంటనే అడుగుతారు. దాని చుట్టూ పీరియడ్ మొత్తం నడపొచ్చు.

ఇదే కోఠిలో తుర్రెబాజ్ ఖాన్ స్మారకం ఉంది. 1857 జులై 17న మౌల్వీ అల్లాఉద్దీన్‌తో కలిసి రెసిడెన్సీ మీద దాడికి దిగినవాడు. పుత్లీబౌలి వైపు అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరు షావుకార్ల ఇళ్ళను అడ్డం పెట్టుకుని కాల్పులు జరిపారు. 1857 పాఠంలో మీరట్, ఢిల్లీ, ఝాన్సీ చదివే పిల్లలకు అది మన బస్టాప్ పక్కన కూడా జరిగిందని తెలియాలి.

ఆ తర్వాత ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు. ఒక్కొక్కరికి యాభై రూపాయలు ఇచ్చి ఒక పుస్తకం కొనుక్కోమనండి. బేరం ఆడటం కూడా వాళ్ళే నేర్చుకుంటారు.

సోషల్ సార్ (నల్లగొండ జిల్లా) | బుధవారం రాత్రి 9:40

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. అందరికీ థాంక్స్.

భాషానిలయం సంగతి నాకు బాగా నచ్చింది. పిల్లలతో మాట వరసకు అన్నాను, ‘ఈసారి కోఠి వెళ్దామా’ అని. క్లాసంతా నిశ్శబ్దం. ఒకడు లేచి, ‘సార్, చార్‌మినార్ చూడకుండా వస్తే మా నాయన నవ్వుతడు’ అన్నాడు. నిజమే కదా. ఇందులో సగం మంది పిల్లలు హైదరాబాద్ చూడటం ఇదే మొదలు. కొందరికి ఇంటర్ దాకా మళ్ళీ రావడం కుదరదు. నాకు నచ్చిందని చార్‌మినార్ వదిలేస్తే వాళ్ళకు అన్యాయం చేసినట్టే.

గల్లీ గైడ్ | బుధవారం రాత్రి 10:05

చార్‌మినార్ ఉండాల్సిందే సార్. దాంట్లో రెండో మాట లేదు. పిల్లవాడికి ఇంటికెళ్ళి చెప్పుకోవడానికి ఒకటి ఉండాలి. అసలు దాని పైకి కూడా ఎక్కించండి. పురావస్తు శాఖ వాళ్ళ దగ్గర 15 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్ లేదు, వయసు చూపించే స్కూలు లెటర్ వెంట ఉంచుకోండి. మెట్లు ఇరుకు, మర మెట్లు, చీకటి. పైకి మొదటి అంతస్తు దాకానే వదులుతారు. గుంపుల వారీగా ఎక్కించాలి.

పైనుంచి ఉత్తరం వైపు చూపించండి. నాలుగు కమాన్లు, మధ్యలో గుల్జార్ హౌజ్ నీటి తొట్టి. మచిలీ కమాన్, కాలీ కమాన్, చార్‌మినార్ కమాన్, నాలుగోది పడమర వైపు షేర్-ఎ-బాతిల్ కమాన్. ఒకప్పుడు రాజభవనానికి పోయే దారి ఆ నాలుగో కమాను కిందనుంచే. కింద నిలబడి ఎంత చెప్పినా బుర్రకెక్కని సంగతి పైనుంచి చూస్తే ఇట్టే తెలుస్తుంది: ముందు కూడలి వేసుకుని, దాని చుట్టూ ఊరు కట్టారు. గడియారాల సంగతి కూడా చెప్పండి. నాలుగు దిక్కులా ఉన్న ఆ గడియారాలు 1889లో పెట్టినవి. అంటే కట్టిన దాదాపు మూడొందల ఏళ్ళకు.

తెలుగు లెక్కల సార్ | గురువారం ఉదయం 6:50

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. కులీ కుతుబ్‌షా ప్రేమించిన భాగమతి పేరు మీదే ఊరు వెలిసిందంటారే, ఆ భాగమతి కథ చెప్తారా, చెప్పరా? మా స్కూలు తీసుకెళ్ళినప్పుడు గైడ్ అరగంట అదే చెప్పాడు. గోల్కొండ దాకా సొరంగం కూడా ఉందన్నాడు.

గల్లీ గైడ్ | గురువారం ఉదయం 9:20

సొరంగం అడగని గుంపు ఇంతవరకు రాలేదు. నేను మాత్రం అలా చెప్పుకుంటారనే చెప్తాను.

భాగమతి కథ చెప్పాలి, కానీ అరగంట కాదు. హారూన్ ఖాన్ షేర్వానీ లాంటి చరిత్రకారులు ఆ కథను ఒప్పుకోలేదు. ఒప్పుకున్నవాళ్ళూ ఉన్నారు. చార్‌మినార్ ఎందుకు కట్టారన్నదీ అంతే. ప్లేగు పోయిందని మొక్కు తీర్చుకున్నారంటారు కొందరు. 1591 అంటే హిజ్రీ లెక్కలో వెయ్యో సంవత్సరం వచ్చే రోజులు, ఆ గుర్తుగా కట్టారంటారు ఇంకొందరు. నేను రెండూ చెప్పి, ‘ఏది నిజమో తేల్చాలంటే మీకు ఏం దొరకాలి?’ అని అడుగుతాను. శాసనం అంటారు, ఉత్తరం అంటారు. ఒక పిల్ల ‘మేస్త్రీకి డబ్బులిచ్చిన లెక్కల పుస్తకం’ అంది. ఆ జవాబు ఇప్పటికీ నా దగ్గరుంది, ప్రతి గుంపుకూ చెప్తాను.

విశాఖ వన్‌టౌన్ | గురువారం మధ్యాహ్నం 12:30

మాది హైదరాబాద్ కాకపోయినా ఇక్కడ చెప్పొచ్చనిపిస్తోంది. మా పాత ఊళ్ళో నడిపించాలంటే ఓడరేవు పక్కన మూడు కొండలుంటాయి: ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. ఎక్కడానికి గంట, దిగడానికి అరగంట. మాకు తేలిందేమిటంటే పిల్లలకు మనం చెప్పే దానికన్నా అక్కడుండే మనిషి చెప్పేది గుర్తుంటుంది. కురుపాం మార్కెట్‌లో తూకం రాళ్ళు సర్దుకునే పెద్దాయన ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు. మైకున్న గైడ్‌ను ఎవరు గుర్తుపెట్టుకుంటారు!

అందుకని మేం పిల్లలకు మూడు ప్రశ్నలు ముందే ఇచ్చి పంపుతాం. మీరు ఇక్కడికి ఎప్పుడు వచ్చారు? మీ ముందు ఇక్కడ ఎవరుండేవారు? ఇక్కడ ఏం మారింది? అంతకు మించి అడగొద్దని చెప్తాం. ఆదాయం ఎంత, కులమేంటి లాంటివి పిల్లలు అమాయకంగా అడిగేస్తారు.

శాలిబండ వాసి | గురువారం మధ్యాహ్నం 2:10

ఇది బాగుంది. మా దగ్గర పాతకాలపు దుకాణదారులు చాలామంది తెలుగు మాట్లాడతారు, పల్లెల నుంచి పెళ్ళి బేరాలకు వచ్చేవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ వచ్చేసింది. పిల్లలు తెలుగులోనే మొదలుపెట్టమనండి. ముందు సలాం చెప్పమనండి, ఆ తర్వాత అడగమనండి. బేరం టైములో మాత్రం వద్దు.

టొరంటో తెలుగు | గురువారం రాత్రి 11:45

ఇక్కడ మా ఊళ్ళో ‘జేన్స్ వాక్’ అని ఉంటుంది. జేన్ జేకబ్స్ అని నగరాల గురించి రాసిన ఆవిడ పేరుతో 2007లో టొరంటోలోనే మొదలైంది. మే మొదట్లో ఆ వీధివాళ్ళే ఎవరి వీధిని వాళ్ళు చూపిస్తారు, డబ్బులు తీసుకోరు. మా అబ్బాయి క్లాసును వాళ్ళ స్కూల్ చుట్టూ నడిపించింది ఒక రిటైర్డ్ బస్ డ్రైవర్. ఏ మలుపులో మంచు గడ్డకడుతుందో, ఎక్కడ ఏ దేశంవాళ్ళు ఎప్పుడు వచ్చారో ఆయనకు కంఠస్థం.

మీ నల్లగొండ పిల్లలు తిరిగొచ్చాక వాళ్ళ ఊరి బజారు మీద ఇలాంటిదే ఒకటి వాళ్ళ చేతే చేయించొచ్చు కదా సార్. కింది తరగతి పిల్లలకు వాళ్ళే గైడ్లు.

సోషల్ సార్ (నల్లగొండ జిల్లా) | శుక్రవారం రాత్రి 9:00

ప్లాన్ వేశాను. చూసి చెప్పండి.

బుధవారం, ఉదయం 5:30కి బయల్దేరడం. 8:45కి గుల్జార్ హౌజ్. చార్‌మినార్ పైకి. మక్కా మసీదు. లాడ్ బజార్. బాద్‌షాహీ అషూర్‌ఖానా. భోజనం. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం. నయాపూల్ మీదుగా అఫ్జల్‌గంజ్. కోఠి రెసిడెన్సీ. భాషానిలయం. పాత పుస్తకాలు. సాయంత్రం నుమాయిష్ (నాంపల్లి ఎగ్జిబిషన్) కూడా చూపిద్దామని మా హెచ్‌ఎం గారు అంటున్నారు.

గల్లీ గైడ్ | శుక్రవారం రాత్రి 9:25

సార్! మీరు వద్దనుకున్న పాత టూరే మళ్ళీ వచ్చింది, బస్సు ఒక్కటే తీసేశారు :)

సగం కొట్టేయండి. మక్కా మసీదు బయటినుంచి చూస్తే చాలు. సాలార్‌జంగ్‌కు విడిగా ఒక రోజు కావాలి. నుమాయిష్ జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది, సాయంత్రం నాంపల్లి వైపు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది. హెచ్‌ఎం గారికి నా నమస్కారాలు చెప్పి తీసేయండి.

కోఠి పాత పుస్తకాలు | శుక్రవారం రాత్రి 9:50

కోఠిలో కూడా రెండే ఉంచండి: భాషానిలయం, పుస్తకాలు. రెసిడెన్సీ యూనివర్సిటీ ఆవరణలో ఉంది, అనుమతి కోసం తిరగాలి.

పీఈటీ మేడమ్ (సూర్యాపేట) | శుక్రవారం రాత్రి 10:10

అయ్యో, రెసిడెన్సీ తీసేయకండి! అనుమతికి ఇంకా టైముంది, హెచ్‌ఎం గారి లెటర్ ముందే పంపితే సరిపోతుంది.

అది 1806 నాటికి పూర్తయిన భవనం, ఎత్తైన స్తంభాలు, మెట్లకు రెండు పక్కల సింహాలు. కట్టించిన బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ హైదరాబాదీ అమ్మాయి ఖైరున్నీసాను పెళ్ళాడాడు. ఆవిడ పరదాలో ఉండేది కాబట్టి ముందు వైపు నుంచి భవనాన్ని చూసే వీలు లేదని, వెనక తోటలో దానికి ఒక చిన్న నమూనా కట్టించి చూపించాడని చెప్తారు. ఆ నమూనాలో మిగిలిన భాగం ఇంకా ఉంది. భార్య ముందు గుమ్మం చూడలేని ఆ ఇంట్లోకే 1949లో మహిళా కళాశాల వచ్చింది. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. మీ 31 మంది ఆడపిల్లలను ఆ మెట్ల మీద కూర్చోబెట్టి, ‘ఇంటర్ అయ్యాక ఇక్కడ సీటుకు అప్లై చేయొచ్చు’ అని చెప్పండి. అక్కడ చదివే అమ్మాయి ఎవరైనా వచ్చి హాస్టల్ సంగతి, బస్ పాస్ సంగతి ఓ పది నిమిషాలు మాట్లాడితే ఇంకా మంచిది. పైగా క్యాంపస్ కాబట్టి టాయిలెట్ల దిగులు కూడా లేదు.

కొత్తపేట అమ్మ | శుక్రవారం రాత్రి 10:22

ఇది ఉంచండి సార్. కావాలంటే లాడ్ బజార్ తీసేయండి.

శాలిబండ వాసి | శుక్రవారం రాత్రి 10:40

మా లాడ్ బజార్ మీదే పడ్డారు అందరూ! సరే. అయితే ఒక పని చేయండి. పొద్దున తొమ్మిదికి ఎలాగూ దుకాణాలు తెరవరు. గాజులు చేసే కారీగర్ ఒకాయనతో మాట్లాడి ఉంచుతాను, కుంపటి, లక్క పట్టుకుని చార్‌మినార్ దగ్గరే ఎక్కడైనా నీడన కూర్చుంటాడు. గుంపుకు పది నిమిషాలు. ఆయన కూలీ మాత్రం స్కూలు ఇవ్వాలి, ముందే చెప్తున్నాను.

సోషల్ సార్ (నల్లగొండ జిల్లా) | శనివారం ఉదయం 7:30

కూలీ సంగతి మాదే భాయ్, నిశ్చింతగా చెప్పండి.

అయితే ఇలా: పొద్దున చార్‌మినార్, కమాన్లు, గాజుల ఆయన. నాలుగు గుంపులు, నాలుగు మూలల నుంచి. పదకొండున్నరకు అషూర్‌ఖానా, పలకల ఆట. అక్కణ్ణుంచి బస్సులో కోఠి. భోజనం చేసి రెసిడెన్సీ, తర్వాత భాషానిలయం, చివర్లో పుస్తకాలు. నాలుగున్నరకు బస్సు కదలాలి. తుర్రెబాజ్ ఖాన్ స్మారకం నడిచే దారిలో పడితే ఆగుతాం. వరద కథ అషూర్‌ఖానా దగ్గరే చెప్తాను, మూసీ ఒడ్డు గారూ. బస్సు నయాపూల్ దాటేటప్పుడు కిటికీలు తీయిస్తాను, వాసన మీ తరఫున.

గైడ్ గారు రెండు గుంపులకు వస్తానన్నారు. మిగతా రెండింటికి నేనూ, మా తెలుగు మేడమూ. ముందు ఆదివారం ఇద్దరం వచ్చి రూట్ అంతా నడిచి చూసుకుంటాం. ఇక మిగిలింది భోజనం. పులిహోర, పెరుగన్నం ఇంటినుంచే తెస్తాం. 56 మంది కూర్చుని తినే చోటు కోఠిలో ఎక్కడుంది?

కోఠి పాత పుస్తకాలు | శనివారం ఉదయం 8:05

అనుమతి లెటర్‌లోనే ఆ మాట కూడా రాయండి: ‘భోజనానికి చెట్ల కింద గంటసేపు చోటు’. క్యాంపస్‌లో చెట్లకు కొదవ లేదు. విస్తరాకులు, చెత్త సంచీలు మీవే తెచ్చుకోండి. యాభై రూపాయల నోట్లకు మాత్రం చిల్లర మార్చి పదులుగా ఇవ్వండి, మా వాళ్ళ దగ్గర చిల్లర ఉండదు.